అరుగు మీది ముచ్చట్లు: పొగవాసన సీసా

పోయిన నెల మా యింట్లో మనుమరాలి పెళ్ళి. ఆ సందడిలో పడి యీ శీర్షికకు వ్యాసం పంపలేకపోయాను. పాఠకులు మన్నించాలి. ఆ పెళ్ళి రోజుల్లోనే జరిగిన ఒక ముచ్చట చెప్పి బాకీ తీర్చుకుంటాను. ముచ్చట ఒక విస్కీ సీసాను గురించి. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో యిదేం మాట అని సోదరీమణులు మొగం చిట్లించుకోవద్దు. ముందు చదవండి. తిట్టదలిస్తే తర్వాత తిట్టవచ్చు.

మా పెద్దవాడి కొడుకు పూనాలో పెరిగాడు. నాలుగేళ్ళుగా స్కాట్లండులో, ఎడింబరో నగరంలో వుద్యోగం చేస్తున్నాడు. చెల్లెలి పెళ్ళికి నాలుగు రోజుల ముందే కుండల్‌వాడి వచ్చాడు. తెచ్చినవన్నీ అందరికీ పంచి, చీకటిపడ్డాక నన్ను మేడమీదికి తీసుకుపోయి, అట్టపెట్టెలో నుంచి ఒక సీసా బయటికి తీశాడు.

“తాతా, ఇది నీకోసం తెచ్చిన. తాగుమని కాదు. నీకు ప్రతిదాని సంగతి తెల్సుకోవాల్నని ఉంటది గద, అందుకు,” అన్నాడు.

వాడికి నా బలహీనత తెలుసు. ఐతే మా యింటికి ఒక కట్టుబాటు వుంది. ఈ గడప లోపలికి సారా గాని, బ్రాందీ గాని, కల్లు గాని రాకూడదు. యాభై యేళ్ళు దాటిన కట్టుబాటు అది. వాడికీ తెలుసు. తెలిసే తెచ్చాడు. పెళ్ళి ముందురోజు రాత్రి మగపెళ్ళివారి తరఫు కుర్రవాళ్ళతో తలా గుక్కెడు పంచుకోవాలని కూడా మనసులో వున్నదని రెండో మాటకే బయటపడింది. “నువ్వు సరే అంటేనే,” అన్నాడు. నేను సరే అనలేదు, కాదని కూడా అనలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, “ముందు దీని మీద యేమి రాశారో చదువు,” అన్నాను.

ఇక అరగంటసేపు వాడు పంతులు, నేను విద్యార్థి.

చీటీ మీద మొదటి మాట సింగిల్ మాల్టు. అనగా అనేక చోట్ల సరుకు కలపకుండా ఒక్క కార్ఖానాలోనే, మొలకెత్తిన బార్లీ తప్ప మరో ధాన్యం చేర్చకుండా కాచినది. మొలకెత్తించటం మన ఆడవాళ్ళకు కొత్త కాదు. చంటిపిల్లలకు రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక యెండబెట్టి విసిరి రాగిమాల్టు చేస్తారు గదా, బార్లీకీ అదే పని. మొలక వచ్చేటప్పుడు గింజలోని పిండిని చక్కెరగా మార్చే గుణం పుడుతుంది. ఆ బార్లీని నలగ్గొట్టి వేడినీళ్ళు పోస్తే తియ్యటి రసం వస్తుంది. దానిలో ఈస్టు వేసి రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద రాగిపాత్రల్లో రెండుసార్లు కాచి ఆవిరి పడతారు. అప్పుడు దిగేది నీళ్ళవలె తెల్లగా వుంటుంది. దానిని ఓక్ కర్రతో చేసిన పీపాలలో దాచాలి. స్కాట్లండు చట్టం ప్రకారం మూడేళ్ళు నిండనిదే దానిని విస్కీ అనటానికి వీల్లేదు. రుచిలో చాలా భాగం ఆ కర్ర యిచ్చేదే.

రెండో మాట పీట్. అది విని నేను ఆగిపోయాను. ఆ దేశంలో చెమ్మ నేలలు యెక్కువ. వాటిలో నాచు పెరిగి, చచ్చి, నీటి అడుగున పూర్తిగా కుళ్ళకుండా పొరమీద పొరగా పేరుకుంటుంది. ఒక గజం మందం పేరటానికి సుమారు వెయ్యేళ్ళు పడుతుంది. దానిని పారతో యిటుకల మాదిరి కోసి, యెండబెట్టి, మనం పిడకలు కాల్చినట్టు కాలుస్తారు. చెట్లు తక్కువైన దీవులలో వెనుక వంటకూ, చలిమంటకూ అదే ఆధారం. తడిసిన బార్లీని ఆరబెట్టటానికీ అదే మంట. ఆ పొగ గింజకు పట్టుకుంటే యెన్ని మార్లు కాచినా, యెన్నేళ్ళు దాచినా పోదు. పడమటి తీరాన ఐలా అనే చిన్న దీవి యీ పొగకు పేరుపడ్డది. లగావులిన్, లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ అనే కార్ఖానాలు అక్కడివే. కొందరికి ఆ వాసన ఆసుపత్రి వాసనలా వుంటుందట, కొందరికి తారు వాసనలా. దరిద్రం కొద్దీ పుట్టిన పొగ, యిప్పుడు ధనవంతుల రుచి అయింది చూడండి.

మూడో మాట బ్రాందీ పీపా. బ్రాందీ ద్రాక్షరసాన్ని పులియబెట్టి కాచినది. ఈ విస్కీని కొన్నేళ్ళు మామూలు పీపాలో వుంచి, చివర కొన్ని నెలలపాటు, అంతకుముందు బ్రాందీ నిలవచేసిన పీపాలోకి మార్చారట. కర్రలో యింకిన బ్రాందీ యీ విస్కీకి పండ్ల తీపి తగిలిస్తుంది. పచ్చడి తీసిన జాడీలో యెన్నిసార్లు కడిగినా వాసన మిగిలినట్టే. ఈ రెండింటికీ పాత వైరం వున్నది. 1860 తర్వాత ఫ్రాన్సు ద్రాక్షతోటలకు ఫిల్లాక్సెరా అనే పురుగు పట్టి తోటలు పాడయ్యాయి. బ్రాందీ కరువైంది. ఆ కరువులోనే విస్కీ యింగ్లాండులోని పెద్దిళ్ళలోకి జొరబడింది. ఒకప్పుడు ఓడించినదాని పీపాలోనే యిప్పుడు కూర్చుని తీపి నేర్చుకుంటున్నది.

నాలుగోది నాకు బాగా నచ్చింది. ఈ సీసా నింపినవాడూ, విస్కీ కాచినవాడూ ఒకరు కారు. కార్ఖానా దగ్గర పీపాను పీపాగా కొని, తన గోదాములో దాచి, తన పేరుతో సీసాల్లో పోసే స్వతంత్ర వ్యాపారులు అక్కడ వున్నారు. అబెర్డీనులో 1842లో మొదలైన కేడెన్‌హెడ్, ఎల్గిన్‌లో 1895లో కిరాణా దుకాణంగా పుట్టిన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ పేరున్న పాత సంస్థలు. నేతగాడి దగ్గర తాను కొని తన ముద్ర వేసి అమ్మే షావుకారు మనకు తెలియనివాడా? ఐతే యీ షావుకారు చీటీ మీద చాలా సంగతులు రాశాడు. పీపా నంబరు, నింపిన తేదీ, సీసాల్లో పోసిన తేదీ, ఆ పీపా నుంచి వచ్చిన సీసాలెన్ని, రంగు కలపలేదు, నీళ్ళు కలపలేదు అని అన్నీ వున్నాయి. ఒక్క కార్ఖానా పేరు మాత్రం లేదు. కొన్ని కార్ఖానాలు తమ పేరు వాడవద్దనే షరతుతోనే పీపాలు అమ్ముతాయట.

మన దేశంలో యిటువంటివి లేవా అని అడిగాను. ఉన్నాయన్నాడు. బెంగుళూరులో 1948లో పెట్టిన అమృత్ సంస్థ తన సింగిల్ మాల్టును 2004లో ముందుగా గ్లాస్గోలోనే అమ్మకానికి పెట్టిందట, కొల్లేటి ఒడ్డుకు పోయి చేపలమ్మినట్టు. దాని ఫ్యూజన్ అనే రకంలో మన బార్లీతో పాటు పీట్ పొగ పట్టిన స్కాట్లండు బార్లీ కూడా చేరుతుంది. చల్లటి స్కాట్లండులో పీపాలో నుంచి యేటా నూటికి రెండు పాళ్ళు ఆవిరైతే బెంగుళూరు వేడికి పది పాళ్ళకు పైగా పోతుంది. ఆ పోయినదానిని దేవదూతల వాటా అంటారు. కాని మన దేశంలో విస్కీ పేరుతో అమ్మేదానిలో కొంత భాగానికి ఆధారం బార్లీ కాదు, చెరకు మడ్డి. విస్కీ అంటే ధాన్యంతోనే కాచాలని యూరప్ దేశాల నియమం కనుక, మడ్డి సరుకు అక్కడ ఆ పేరుతో అమ్ముడుపోదు. మడ్డి అనగానే నాకు మంజీర అవతలి బోధన్ గుర్తుకొచ్చింది. అక్కడి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలై, 2015లో మూతబడ్డది. చిన్నప్పుడు ఆ దారిన పోతే మడ్డి వాసన ముక్కు పగలగొట్టేది.

“ఇంత నిజాయితీగా రాసిన చీటీ నేను మందుసీసా మీద కూడ చూడలే,” అన్నాను. వాడు సంబరపడ్డాడు. “అదే తాతా నేను చెప్పేది. ఇది గుడుంబా కాదు. నేను ఆదివారం నాడు ఒక్క కొలత తీసుకుంట, అంతే. మనింట్ల వద్దంటరు గని, ఎందుకు వద్దో ఒక్కలన్న చెప్పిన్రా?”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజమే. వాడికి యెవరూ చెప్పలేదు. వాడి తండ్రికీ పూర్తిగా చెప్పలేదు. సిగ్గుచేటు సంగతి కనుక కప్పిపెట్టి, కట్టుబాటు మాత్రం చేతికిచ్చాము. ఆ సీసాకు వున్నపాటి చీటీ మా కట్టుబాటుకు లేదు.

ఇప్పుడు మీకు చెబుతాను. మా బాపుకు ఒక తమ్ముడు వుండేవాడు. నాకు చిన్నాయన. బట్టల దుకాణం లెక్కలన్నీ ఆయన చేతిలోనే. గొంతు మంచిది, భజనలో ముందు కూర్చునేవాడు. మా వూరు 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర అయింది. నైజాం కాలంలో ఆబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయం, సేందీ దుకాణం లేని వూరు అరుదు. బొంబాయి సర్కారుది మద్యనిషేధం దారి. దుకాణాలు పోతే ఆ చోట దొంగబట్టీలు వెలిశాయి. చాటున కాచిన సారాకు చీటీ వుండదు. అందులో బెల్లమున్నదా, నవసాగరమున్నదా, కుళ్ళిన పండ్లున్నాయా, కాచినవాడికే తెలియాలి. చిన్నాయన ఆ బట్టీల దారి పట్టాడు. ఎవరో చెడు స్నేహితులు పట్టించారని మా యింట్లో అనుకునేవారు. లెక్కలు తప్పాయి, అప్పులయ్యాయి, చిన్నమ్మ మెడలో పుస్తె కుదువకు పోయింది. చివరికి పచ్చకామెర్లు, కడుపులో నీరు. 1969లో పోయాడు. అప్పటికి చిన్నమ్మకు యిరవై యెనిమిదేళ్ళు, యిద్దరు పిల్లలు. నాకు పదహారేళ్ళు. పన్నెండో రోజు గడిచాక మా అవ్వ దేవుని ముందు దీపం పెట్టి, యింట్లో మగవాళ్ళందరి చేతా దీపం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. చిన్నమ్మ బీడీలు చుట్టి యిద్దరు పిల్లల్నీ చదివించింది. ఆమె యిప్పుడు యెనభై దాటి మా దగ్గరే వున్నది.

ఈ సంగతి మేడమీద నా మనుమడికి చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అది కల్తీ సరుకు తాతా,” అన్నాడు మెల్లిగా.

కల్తీ వేరు, స్వచ్ఛం వేరు, నిజమే. కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపి తెలంగాణలో యెన్ని యిళ్ళు పాడుచేశారో మన బంధువులందరికీ తెలుసు. సారాలో మిథనాల్ పడితే కళ్ళు పోతాయి, ప్రాణం పోతుంది. చీటీ వున్న సీసా ఆ ఆపద నుంచి కాపాడుతుంది. కాని మత్తిచ్చే ఆల్కహాలు దొంగబట్టిలోనూ ఒకటే, స్కాట్లండు రాగిపాత్రలోనూ ఒకటే. మన దుకాణాల సీసాలో అది నూటికి 42.8 పాళ్ళయితే, నీళ్ళు కలపని పీపా విస్కీలో యాభైకి పైగా వుండటం మామూలు. కాలేయం చీటీ చదవదు. క్యాన్సరు పరిశోధన అంతర్జాతీయ సంస్థ మద్యాన్ని 1988లోనే క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చింది. యింత వరకు తాగితే యేమీ కాదు అనదగిన హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. మన దేశపు సీసాల మీద మద్యపానం ఆరోగ్యానికి హానికరం అని రాస్తారు. ఎవరి ఆరోగ్యానికి అన్నది రాయరు. తాగని చిన్నమ్మ ఆరోగ్యం లెక్కలో వున్నదో లేదో ఆ వాక్యంలో తెలియదు.

ఇదంతా మేము మాట్లాడుకుంటుండగానే చిన్నమ్మ గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నిద్రపట్టక వచ్చిందట. సీసా దాచే వ్యవధి లేకపోయింది.

“ఏం సీసా బిడ్డా అది?”

“విస్కీ, అవ్వా,” అన్నాడు వాడు. అబద్ధం చెప్పనందుకు నాకు సంతోషమైంది.

“మూత తియ్యి. ఇటు తే.”

వాడు నా వైపు చూశాడు. నేను తలూపాను. మూత తీసి యిచ్చాడు. చిన్నమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

“పొగ వాసనొస్తున్నది. బట్టి కాడి వాసన కాదు, పొయ్యి కాడి వాసన,” అన్నది. మళ్ళీ వాసన చూసి, “అడుగున ఇంకో వాసన ఉన్నది. బ్రాందీ,” అన్నది.

మేమిద్దరం బిత్తరపోయాము. ఆమెకు చదువు రాదు, చీటీ యెవరూ చదివి వినిపించలేదు.

“గా వాసన నేను మర్సిపోత్తనా? ఓ చలికాలం ఆయనకు దగ్గు పట్టింది. నది అవుతలికెళ్ళి ఎవరో చిన్న సీస తెచ్చిచ్చిన్రు. వేడినీళ్ళల్ల చెంచెడు పొయ్యి, ఛాతీకి మంచిదని అందరు చెప్పిన్రు. పొద్దుగూకినంక నేనే పోసేదాన్ని. దగ్గు తక్కువైంది. సీస అయిపోయినంక ఆయనే ఇంకోటి తెచ్చుకున్నడు. బ్రాందీకి పైసలు చాలనప్పుడు బట్టి కాడికి పోయిండు. దోస్తులు చెడగొట్టిన్రు అంటరు మీరంత. మొదటి చెంచ పోసింది నేను.”

యాభై యేళ్ళకు పైగా ఆ మాట ఆమె యెవరికీ చెప్పలేదు. నాకూ తెలియదు. బ్రాందీ తాగితే ఒంటికి వేడి పుడుతుందన్నది భ్రమ మాత్రమే. చర్మం కింది నరాలు విప్పారి నెత్తురు పైకి వచ్చి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది. ఆనాడు ఆ యిల్లాలికి యీ సంగతి చెప్పేవారు లేరు. పెద్దలు చెప్పింది చేసింది. “నీ తప్పు కాదు చిన్నమ్మా,” అన్నాను. “తప్పని అనుడు లేదు కొడుకా. ఎట్ల మొదలైతదో పిల్లలకు ఎరుకుండాలె,” అన్నది. సీసా తిరిగి మనుమడి చేతిలో పెట్టి, “వాసన మంచిగనే ఉన్నది. ఆయన నోట్లకెళ్ళి గూడ మొదట్ల మంచి వాసనే వచ్చేది,” అని దిగిపోయింది.

వాడు మూత బిగించి పెట్టెలో పెట్టేశాడు. పెళ్ళి ముందురోజు రాత్రి మగపెళ్ళివారి కుర్రవాళ్ళకు బాదంపాలు పోశాము. తిరిగిపోయేటప్పుడు సీసాను పూనాలో యెవరో స్నేహితునికి యిచ్చేశాడట. ఎడింబరోలో ఆదివారపు కొలత మానేశాడా అని నేను అడగలేదు. పెద్దవాడయ్యాడు. వాడికి తెలియవలసింది యిప్పుడు తెలుసు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకునే ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశంలో సారా ఆగింది, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఆ నిషేధం పోయింది. మన మహారాష్ట్రలో 1949 నాటి మద్యనిషేధ చట్టం పేరు మార్చుకుని యిప్పటికీ వున్నది. విస్కీ తాగేవాడి దగ్గర పర్మిటు వుండాలనీ, 25 యేళ్ళు నిండాలనీ అంటుంది. ఎంతమంది జేబులో ఆ కాగితం వున్నదో మీకే తెలుసు. చట్టాలు వస్తాయి, పోతాయి. ఇంటి కట్టుబాటు నిలవాలంటే దాని వెనుక కథ నిలవాలి. మీ యిళ్ళలో కూడా యిటువంటి ఒట్లు వుండే వుంటాయి. అవి యెందుకు పుట్టాయో, యెవరి కన్నీళ్ళతో పుట్టాయో, పరువు సంగతి పక్కనపెట్టి పిల్లలకు చెప్పండి. చెప్పగలవారు బతికి వుండగానే వారి నోటనే చెప్పించండి. మా చిన్నమ్మ ఆ రాత్రి మెట్లెక్కి రాకపోతే అసలు సంగతి నాకే తెలియకపోయేది.